కిళిమానూరు చిత్రశాల – రవివర్మ రచించిన కావ్యవ్యాఖ్య

మూలములో లేనిదానిని వ్రాయననియు, అపేక్షితము కానిదానిని చెప్పననియు కోలాచల మల్లినాథసూరి ప్రతిజ్ఞ చేసి వ్యాఖ్యానమునకు దిగెను. వ్యాఖ్యాతల కందఱకు నది గీటురాయియై నిలిచినది. కాళిదాసుని నాటకములకు మన కాటయవేముడు కుమారగిరిరాజీయమును వ్రాసినప్పుడును ఆ మర్యాదనే పాటించెను. అక్షరముతో పనిలేక రంగులతోనే కావ్యమునకు వ్యాఖ్య రచించినవాని నీ గీటురాయిపై నొరసి చూడవచ్చునా? చూడవచ్చుననియే నా తలంపు. చూడక తప్పదు కూడ. ఏలయన, గడచిన నూఱేండ్లకు పైగా శకుంతల యన్నను, దమయంతి యన్నను, మేనక యన్నను మన విద్యార్థుల మనస్సున మొదట మెదలునది కవి శ్లోకము కాదు, రాజా రవివర్మ చిత్రము.

రవివర్మ పుట్టినదియు, గిట్టినదియు కిళిమానూరు కోవెలకమున. అది తిరువనంతపురమునకు ఉత్తరముగా ఇంచుమించు నలువది కిలోమీటర్ల దూరమున నున్న ప్రాచీనగృహసముదాయము. పెంకుటి కప్పులు, కొయ్యస్తంభములు, నడుమ ముంగిళ్లు, చుట్టును చెట్లు. ఆ ప్రాంగణముననే ఆయన చిత్రములు వ్రాసిన శాల నేటికిని వంశీయుల సంరక్షణలో నిలిచియున్నది. కిళి యనగా చిలుక, మాన్ అనగా లేడి. ఈ రెంటి కలయికచే ఊరికి పేరు వచ్చినదని స్థానికులు చెప్పుదురు. ఈ నిరుక్తిని భాషాశాస్త్రజ్ఞు లంగీకరింతురో లేదో కాని, కణ్వాశ్రమమును చిత్రింపబోవువాడు జన్మించుటకు తగిన పేరని మాత్రము సంస్కృతాధ్యాపకునకు తోచకమానదు.

ఆ శాలకు పోయిన వారికి మొదట కొంత నిరాశ కలుగును. రవివర్మ ప్రధానకృతుల మూలప్రతు లచ్చట లేవు. కొన్ని తిరువనంతపురమునను, కొన్ని బరోడా లక్ష్మీవిలాస ప్రాసాదమునను, అచ్చటి ఫతేసింగు సంగ్రహాలయమునను, మఱికొన్ని మైసూరు జగన్మోహనప్రాసాదమునను ఉన్నవి. శాలలో కనుపించునవి ప్రతికృతులు. అయినను అచ్చట నిలిచినపు డొక విషయము స్పష్టమగును. ఈ చిత్రకారుడు విదేశీయశిల్పవిద్యాలయమున చదివినవాడు కాడు. సంస్కృతము, కథకళి, తుళ్ళల్ ఇంటిభాషగా నున్న గృహమున పెరిగినవాడు.

ఆయన జననము 1848 ఏప్రిలు 29. తల్లి ఉమయాంబ తంపురాట్టి. ఆమె పార్వతీస్వయంవరమను తుళ్ళల్ కృతిని రచించిన విదుషి. ఆమె మరణానంతరము దానిని ముద్రింపించినవాడు రవివర్మయే. తండ్రి ఎళుమావిల్ నీలకంఠ భట్టతిరిపాడు. సంస్కృతమునను, ఆయుర్వేదమునను పండితుడు. మరుమక్కత్తాయ మను మాతృవంశానుక్రమము పాటించు కుటుంబ మగుటచే బిడ్డలు తల్లి యింటివారైరి. ఈ కోయిత్తంపురాన్ వంశీయులు రాజ్యమేలినవారు కారు. తిరువాన్కూరు రాజకుమార్తెలను పరిణయమాడు వంశములలో నొకరు. తిరువాన్కూరును సువిశాలరాజ్యముగా చేసిన మార్తాండవర్మ తండ్రి ఈ కిళిమానూరు వంశమువాడే. కనుక రవివర్మ పేరునకు ముందున్న ‘రాజా’ అను పదమును చూచి ఆయనను భూపాలునిగా నెంచుట పొరపాటు.

బాల్యమున గోడలపై బొగ్గుతో జంతువులను, నిత్యజీవనదృశ్యములను గీయుచుండగా మేనమామ రాజరాజవర్మ చూచి, దండింపక, తానే గురువయ్యెనని చరిత్రకారులు చెప్పుదురు. ఆ మేనమామ తంజావూరు శైలిలో చిత్రములు వ్రాయువాడు. 1862లో పదునాలుగేండ్ల మేనల్లుని తిరువనంతపురమునకు తోడ్కొనిపోయి ఆయిల్యం తిరునాళ్ మహారాజునకు చూపెను. మహారాజు బాలుని కొలువున నుంచి ఆస్థానమున నున్న చిత్రములను, గ్రంథములను చూచుకొను వీలు కల్పించెను. 1866లో మావేలికర రాజవంశీయురాలైన భాగీరథీబాయితో వివాహము జరిగెను.

తైలవర్ణచిత్రణ మప్పటి కీ దేశమున క్రొత్తవిద్య. ఆస్థానచిత్రకారుడైన రామస్వామినాయుడు దాని నెఱిగినవాడే కాని యువకునకు నేర్ప నిరాకరించెను. ఆయన శిష్యుడు ఆరుముగం పిళ్లై చాటుగా కొంత చెప్పెనందురు. 1868లో థియొడోరు జెన్సను అను ఐరోపీయచిత్రకారుడు మహారాజుల రూపములు వ్రాయ వచ్చినప్పుడు ఆయనయు పాఠము చెప్పలేదు. తాను వ్రాయుచుండగా చూచుట కనుమతించెను. అంతే. మన పాఠశాలలలో గురువునకు శుశ్రూష చేయుచు, ఇతరులకు చెప్పు పాఠమును వాకిట కూర్చుండి విని శాస్త్రము గ్రహించినవారి కథలు వింటిమి గదా, ఇదియు నట్టిదే. ఏ నూనెలో ఏ రంగెంత కలుపవలయును, మొదటి పూత యెప్పు డాఱును, శరీరచ్ఛాయపై వెలుగెట్లు పడును అను నంశములను తప్పులు చేసి దిద్దుకొనుచు ఏండ్లతరబడి నేర్చెను.

1870లో కొల్లూరు మూకాంబికను సేవించి వచ్చుచు కోళిక్కోడులో ఒక న్యాయాధికారి కుటుంబచిత్రమును వేతనము గొని వ్రాసెను. రాజవంశీయుడు కూలి పుచ్చుకొని చిత్రము వ్రాయుట ఆ కాలమున సామాన్యవిషయము కాదు. 1873లో మద్రాసు ప్రదర్శనమున, కురులను మల్లెపూవులతో నలంకరించుకొను నాయరువనిత చిత్రమునకు గవర్నరు స్వర్ణపతకము లభించెను. ఆ సంవత్సరమే వియన్నా ప్రదర్శనమునను బహుమానము వచ్చెను. ఆ పిదప పతకములు పెక్కులు. వానిని లెక్కించుట మన పని కాదు.

మన పని 1876లో మొదలగును. ఆ యేట మద్రాసులో ఆయన శకుంతలా పత్రలేఖనమును ప్రదర్శించెను. మద్రాసు గవర్నరు బకింగుహాము ప్రభువు దానిని కొనెను. మోనియరు విలియమ్సు పండితుని శాకుంతలాంగ్లానువాదపు తరువాతి ముద్రణమున నది ముఖచిత్రమయ్యెను. ఆ కాలమున తిరువాన్కూరున జరుగుచుండిన వేఱొక విషయమును చిత్రకళాచరిత్రకారులు ప్రాయికముగా పట్టించుకొనరు. ‘కేరళకాళిదాసు’ అని ప్రసిద్ధికెక్కిన కేరళవర్మ వలియ కోయిత్తంపురాన్ రవివర్మకు తోడల్లుడు. రవివర్మ భార్యకు అక్కయైన లక్ష్మీబాయి ఆయన ధర్మపత్ని. ఆ మహాపండితుని ఆయిల్యం తిరునాళ్ మహారాజు 1875లో ఆగ్రహించి బంధించెను. మొదట ఆలప్పుళలో, పిదప హరిప్పాడులో ఆయన 1880 దాక నిర్బంధములో నుండెను. పత్నీవియుక్తుడై గడపిన ఆ దినములే పిదప మయూరసందేశకావ్యమునకు బీజములైనవి. అనగా, విరహతాపముతో కమలపత్రముపై లేఖ వ్రాయు శకుంతలను రవివర్మ ప్రదర్శించిన యేట, ఆయన యింటి పండితుడు, ఆయనను పోషించిన రాజు చేతనే బందీ. ఈ రెండింటికి కార్యకారణసంబంధ మున్నదని నేననను. కాని నాటకమును మలయాళమున ననువదించినవాడు, దానిని పటముపై వ్రాసినవాడు ఒకే కుటుంబమువారని తెలిసినపుడు, రవివర్మ శాకుంతలమును ఆంగ్లానువాదములనుండియే గ్రహించెనను వాదము తేలిపోవును.

ఇక చిత్రమునకు వత్తము. శకుంతల నేలపై బోరగిల పరుండి, మోచేయి ఆని, ముందున్న తామరాకుపై లేఖ వ్రాయుచున్నది; సఖు లిరువురు చెంత నున్నారు. రవివర్మ మరణించిన మఱుసటి యేట, అనగా 1907 ప్రాంతమున, సోదరి నివేదిత ఈ చిత్రమును తీవ్రముగా నిందించెను. కులస్త్రీ యట్లు శయనించి లేఖ వ్రాయుట భారతీయమర్యాదకు విరుద్ధమనియు, చూపఱుల మనస్సును హీనపఱచుననియు ఆమె భావము. ఆనంద కుమారస్వామి, హావెలు మొదలగువారును రవివర్మ కళ పాశ్చాత్యానుకరణమని త్రోసిపుచ్చిరి. వారి మాటలు మన విశ్వవిద్యాలయములలో చిరకాలము ప్రమాణములై చెల్లినవి.

విమర్శకులు నాటకమును విప్పి చూడవలసియుండెను. తృతీయాంకమున దుష్యంతుడు లతల మాటున నిలిచి చూచునప్పటికి శకుంతల పూవులు పఱచిన శిలాపట్టముపై శయనించియే యున్నది, సఖు లుపచరించుచున్నారు. ఉశీరలేపనము, మృణాళవలయము తాపోపశమనమునకు వాడబడినవి. లేఖ వ్రాయుమనినది ప్రియంవద. వ్రాయుటకు సాధనములు లేవని శకుంతల యనగా, చిలుక కడుపువలె మెత్తనైన తామరాకుపై గోళ్లతో వ్రాయుమనినదియు ప్రియంవదయే. రాజు ప్రత్యక్షమైనపుడు శకుంతల లేవబోగా వలదని వారించుటయు మూలముననే కలదు. కావున శయనము చిత్రకారుని కల్పన కాదు. విప్రలంభమున వ్యాధ్యవస్థ కనుభావము. దానిని దోషమన్నచో అది కాళిదాసునకే తగులును. రవివర్మ మార్చినది శిలాపట్టమును నేలగా చేయుట మాత్రమే. ఇది మల్లినాథుని ప్రతిజ్ఞకు భంగము కాదు.

దీనికంటె సూక్ష్మమైనది ముల్లు తీసికొను నెపమున వెనుదిరిగి చూచు శకుంతల చిత్రము. లోకమున దానికి ముల్లని పేరు. మూలమున నది దర్భాంకురము. ప్రథమాంకము చివర శకుంతల పాదమున కుశసూచి గ్రుచ్చుకొన్నదనియు, వల్కలము కొమ్మకు తగిలినదనియు చెప్పి జాగు చేయును. ద్వితీయాంకమున రాజు విదూషకునితో ఆ చేష్టను తలచుకొనుచు, నాలుగడుగులు వేసి కారణములేకయే నిలిచినదనియు, తగులుకొనని వల్కలమును విడిపించుకొనినదనియు వర్ణించును. మొదటి యంకమున జరిగినది వేఱు, రెండవ యంకమున ప్రేమించినవాడు జ్ఞప్తికి దెచ్చుకొనునది వేఱు. రవివర్మ వ్రాసినది రెండవది. సఖి భుజముపై చేయివైచి, పాదము వెనుకకెత్తి, శకుంతల చూచుచున్న దిక్కున రాజు చిత్రమున లేడు. రాజున్న చోట మనము నిలిచియున్నాము. ఇది సామాన్యవ్యాఖ్యాతకు తట్టు భావము కాదు. ఒక్క లోపము చెప్పక తప్పదు. కాళిదాసు పట్టుబట్టి వర్ణించిన వల్కలము చిత్రమున లేదు. మెత్తని చీరయే కనుపించును. వల్కలముతోడను మనోజ్ఞయైన సౌందర్యమని కవి చెప్పిన తావున వల్కలమునే తొలగించుట అర్థహాని.

ఈ చీర కొక చరిత్ర కలదు. తిరువాన్కూరున దివానుగా నుండి పిదప బరోడా దివానైన సర్ టి. మాధవరావు ప్రోత్సాహమున రవివర్మ 1881లో బరోడాకు పోయి, సయాజీరావు గాయకవాడు రాజ్యాధికారమును స్వీకరించిన యుత్సవమున పాల్గొనెను. ఆ మహారాజు 1888లో పురాణేతిహాసచిత్రములు పదునాలుగింటిని కోరెను. విశ్వామిత్రమేనకలు, నలదమయంతులు, శంతనుమత్స్యగంధులు మొదలగునవి అందలివి. ఏ కాలమున ఎట్టి వేషముండెనో నిశ్చయించుటకు రవివర్మ, తమ్ముడు రాజరాజవర్మ ఉత్తరభారతమంతయు తిరిగి చూచిరి. దేశమున కంతకు సమానమైన ప్రాచీనవేషము కనబడలేదు. తుదకు చీరనే స్వీకరించిరి. అప్పటినుండి ద్రౌపదియు, సీతయు, దమయంతియు మనకు దక్షిణాపథపు, మహారాష్ట్రపు చీరకట్టుతోనే దర్శనమిచ్చుచున్నారు. రవివర్మకు పూర్వము దేశమంతటను ఒకే రూపమున గుర్తింపబడు సీత లేదు. ఆంధ్రుల కలంకారీలోని సీత వేఱు, తంజావూరు పటములోని సీత వేఱు.

దమయంతీహంసచిత్రము 1899 నాటిది. ఎఱ్ఱని చీర ధరించి స్తంభము చెంత నిలిచిన దమయంతి, పిట్టగోడపై వ్రాలిన హంస. మన యిండ్లలో దీని ప్రతికృతి వ్రేలాడని వీథి యుండెడిది కాదు. ఇచ్చట రవివర్మ మూలము నెంతగా విడిచెనో శ్రీహర్షుని నైషధమును, మన శ్రీనాథుని శృంగారనైషధమును పాఠము చెప్పువారు గుర్తింపవలయును. కవులు చెప్పినది బంగారుఱెక్కల హంస. భారతమునను హంసలు స్వర్ణభూషితములే. చిత్రమున హంస తెల్లనిది. కావ్యమున హంస దమయంతిని చిక్కినట్లే చిక్కక ఉద్యానమున సఖులకు దూరముగా కొనిపోవును. చిత్రమున ఆమె కదలక ప్రాసాదపు అంచున నిలిచియున్నది. స్వర్ణహంస వ్రాసినచో లోకము నమ్మదని కాబోలు, ఆయన ప్రకృతిసిద్ధమైన హంసను వ్రాసెను. నమ్మకమును గడించి అద్భుతమును పోగొట్టుకొనెనని నా యభిప్రాయము. అయినను దమయంతి ముఖమున వినికిడిలో మునిగిన ఆ స్తిమితభావమును మాత్రము ఏ ప్రాచీనచిత్రమునను నేను చూచి యెఱుగను.

గీటురాయి కలిగించు అసలు చిక్కు శకుంతలాజన్మచిత్రముతో వచ్చును. చిత్రములను రాతియచ్చులో ముద్రించి సామాన్యులకు చేర్చవలయునని మాధవరావు 1884లోనే సూచించియుండెను. రవివర్మ 1894లో బొంబాయిలో ముద్రణాలయమును స్థాపించెను. ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క రాయి. వానిపై వేర్వేఱుగా రూపమును దిద్ది, ఒకే కాగితముపై ఒకదానిపై నొకటిగా ఒత్తుట ఆ విధానము. అందు వెలువడిన తొలి ముద్రణము శకుంతలాజన్మమే యని చెప్పుదురు. మేనక పసికూనను చూపగా విశ్వామిత్రుడు చేయి యడ్డుపెట్టి మొగము త్రిప్పుకొను దృశ్యమది.

ఆ దృశ్యము వ్యాసభారతమున లేదు. ఆదిపర్వమున మేనక మాలినీతీరమున శిశువును విడిచి దేవసభకు పోయినది, శకుంతపక్షులు కాచినవి, కణ్వుడు చూచి తెచ్చెను. నన్నయభట్టారకు డాంధ్రీకరించినదియు నట్లే. విశ్వామిత్రుని యెదుట శిశువు నుంచుట గాని, ఆయన నిరాకరించుట గాని యందు లేవు. కాని నేడు పట్టపరీక్షలో శకుంతలాజన్మవృత్తాంతమును వ్రాయుమన్నచో అధికసంఖ్యాకులు విశ్వామిత్రుడు మొగము త్రిప్పుకొనెననియే వ్రాయుదురు. నాటకములు, చలనచిత్రములు ఆ ముద్రణచిత్రము ననుసరించినవి, మూలము వెనుకబడినది. ప్రక్షిప్తశ్లోకమును తాళపత్రప్రతులు పోల్చి తొలగింపగలము. ప్రక్షిప్తచిత్రమును తొలగించు మార్గమేది? ఒక్క వ్యక్తి కల్పన లక్షలాది గృహముల గోడలనెక్కి ఇతిహాసమునకు పాఠాంతరమైపోయిన సందర్భము మన వాఙ్మయచరిత్రలో నంతకు పూర్వము లేదు. రవివర్మ కపకారబుద్ధి లేదు. మొగము త్రిప్పుకొను తండ్రిలో చరమున శకుంతలను నిరాకరింపబోవు భర్తను ముందుగా చూపెనని సహృదయు లనవచ్చును. అది కవి చేయదగిన పని. వ్యాఖ్యాత చేయదగినది కాదు. ఈ చిత్రమున ఆయన వ్యాఖ్యాతృస్థానమును వీడి కవియయ్యెను.

ముద్రణాలయ మాయనకు కీర్తిని తెచ్చెనే కాని ధనమును తేలేదు. బొంబాయిలో ప్లేగు వ్యాపించిన కాలమున 1899లో దానిని లోనావలా చెంతనున్న మళవలీకి తరలించిరి. కొలది యేండ్లకే ఋణభారముచే జర్మనుదేశపు ముద్రణనిపుణుడైన ష్లైషరున కమ్మవలసివచ్చెను. భారతీయచలనచిత్రమునకు ఆద్యుడైన దాదాసాహెబు ఫాల్కే కొంతకాల మీ ముద్రణాలయముతో సంబంధము కలిగియుండెను.

1902లో సోదరులిరువురు హైదరాబాదునకు వచ్చిరి. ప్రసిద్ధ ఛాయాచిత్రకారుడైన రాజా దీనదయాళు ఆతిథ్య మిచ్చెను. నిజాము మహబూబు ఆలీఖానుని ఆదరమునకై వేచిరి. ఆశించినంత ఫలము దక్కలేదు. తమ్ముడు రాజరాజవర్మ ఆంగ్లమున వ్రాసికొనిన దినచర్య, 1895 మొదలు 1904 వఱకు గలది, 2005లో ముద్రితమైనది. ఆ యన్న కీ తమ్ముడు కార్యదర్శి, సహచిత్రకారుడు, నేపథ్యమున ప్రకృతిని వ్రాయు నేర్పరి. నేటి సంశోధకుల కా దినచర్యయే ముఖ్యాధారము. అన్న తన్నుగూర్చి విపులముగా వ్రాసికొనలేదు.

1900లో రవివర్మ మనుమరాండ్రు ఇరువురు, సేతులక్ష్మీబాయియు సేతుపార్వతీబాయియు, తిరువాన్కూరు రాజవంశమునకు దత్తత పోయిరి. 1904లో కైజరిహిందు స్వర్ణపతకము వచ్చెను. మఱుసటి యేడే, తనకంటె పండ్రెండేండ్లు చిన్నవాడైన తమ్ముడు గతించెను. మైసూరు మహారాజు కృష్ణరాజ ఒడెయరు తొమ్మిది పౌరాణికచిత్రములను కోరియుండగా, ఆ పని భారమంతయు ఒక్కని పైబడినది. వానిలో సముద్రునిపై విల్లెక్కుపెట్టిన శ్రీరాముని చిత్రము కలదు. జనులు దానిని వరుణగర్వభంగ మందురు. వాల్మీకి యుద్ధకాండమున ప్రత్యక్షమగువాడు సముద్రుడు. ఆ చిత్రములు నేటికిని జగన్మోహనప్రాసాదమున నున్నవి.

కిళిమానూరునకు మరలివచ్చిన రవివర్మ 1906 అక్టోబరు 2న తన యింటనే పరమపదించెను. ఆయన చిత్రములనేకము 1935లో తిరువనంతపురమున తెరవబడిన శ్రీచిత్రాలయమున చేరినవి. 2023లో ఆ యావరణముననే ఆయన కృతులకై ప్రత్యేకశాల యేర్పడినది. 1979లో భారతప్రభుత్వ మాయన కృతులను కళానిధులుగా ప్రకటించి దేశము దాటకుండ నిషేధించెను. మళవలీలోని ముద్రణాలయము 1972లో అగ్నికి ఆహుతియైనది. శకుంతలాజన్మమును లోకమునకు పంచిన యంత్రము లట్లు నశించినవి. మేనక యెదుట మొగము త్రిప్పుకొను విశ్వామిత్రుడు మాత్రము పంచాంగములపైనను, పాఠ్యపుస్తకముల యట్టలపైనను నింకను కనుపించుచునే యున్నాడు.